తవుడు కొట్టేసి డబ్బు అని రాశారు

తవిటయ్య మావ రాసిన కథలో ఒక్క మాట మార్చారు. ఆయన్ని అడగలేదు. మార్చామని చెప్పనూ లేదు. 'తవుడు' అని ఉన్నచోట 'డబ్బు' అని పెట్టి అచ్చువేశారు. ఆ పని చేసింది విజయనగరంలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మురళీమోహన్ గారు. ఉత్తరాంధ్ర కథలన్నీ ఒక పుస్తకంగా తెస్తున్నామని, మన మట్టివాసన, మన యాస ముందు తరాలకి అందిస్తున్నామని సభ పెట్టి మరీ చెప్పారు. అందించే ముందు శుభ్రంగా కడిగేశారు.

కథలో తల్లి కొడుకుతో అనే మాట ఇది: "నిన్ను నాను కన్నాను గానీ, గురమ్మప్ప తవుడిచ్చి కొనుక్కున్నాదిరా." పుస్తకంలో అది ఇలా వచ్చింది: "నాయనా, నిన్ను నేను గురమ్మకు డబ్బుకు అమ్ముకున్నాను." మావ తన కథకి పెట్టుకున్న పేరు 'తవుడు'. పుస్తకంలో దాని పేరు 'అమ్ముడుపోయిన శైశవం'.

ఒక్క మాటే కదా, దానికింత గొడవెందుకు అనేవాళ్ళుంటారు. అన్నారు కూడా. తవుడు సంగతి తెలియకపోతే తవిటయ్య మావ ఎవరో తెలియదు. అందుకని ముందు ఆ సంగతి చెప్పాలి.

మాది భావనపాడు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. మావ తల్లి కూర్మమ్మకి అంతకుముందు ముగ్గురు పుట్టారు. ఒక్కరూ నిలవలేదు. నాలుగో కాన్పులో ఈయన పుట్టాడు. పిల్లలు నిలవని తల్లి తన బిడ్డని పిల్లలు నిలిచిన ఇంటికి అమ్మేయడం మా వైపు ఆనవాయితీ. ఆ అమ్మకం తవుడికో, నూకలకో జరుగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంతమంది తవిటయ్యలు, తవిటమ్మలు, నూకరాజులు ఎక్కడినుంచి వచ్చారనుకున్నారు?

కూర్మమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మడానికి వెళ్ళే రైతుల ఊరొకటుంది. సరుగుడు తోటలు దాటితే వస్తుంది. అక్కడ గురమ్మది పిల్లలు నిలిచిన ఇల్లు. ఆ గురమ్మ చేటెడు తవుడు తెచ్చి కూర్మమ్మ గుమ్మంలో పోసి, ఇంకో చేటలో పడుకోబెట్టిన పసివాణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయింది. పొద్దువాలకముందే తిరిగొచ్చి, "ఈడు నా కొడుకు. నా కాడ పాలు నేవు. నువ్వు పెంచి పెట్టవే కూర్మీ" అని ఒళ్ళో పెట్టింది. జరిగిందంతా అదే. కూర్మమ్మ బిడ్డల్ని ఎత్తుకుపోయేది ఏదైతే ఉందో, అది మళ్ళీ వచ్చి చూస్తే ఆ ఇంట్లో కూర్మమ్మ బిడ్డ ఉండడు. గురమ్మ బిడ్డ ఉంటాడు. చావు మోసపోయి వెనక్కి పోవాలి.

ఆ మోసం నిలబడాలంటే కూర్మమ్మ ఎప్పుడూ, ఎవరి ముందూ "నా కొడుకు" అనకూడదు. ఆవిడ అనలేదు. బడిలో వేసినరోజు మాస్టారు అడిగారట.

"ఎవరి కుర్రాడే వీడు?"

"గురమ్మప్ప కొడుకండి."

"మరి నువ్వెవరివి?"

"పెంచుతన్నానండి."

"కన్నదెవరే?"

కూర్మమ్మ నేలచూపులు చూసిందట. మాస్టారు నవ్వాడు కాబట్టి పిల్లలంతా నవ్వారు. ఆ రోజునుంచి బడిలో ఒకటే పాట. "ఒరే తవుడూ, ఈదిలోకి పోకురా, గేది మేసీగల్దు!" మావ ఇప్పటికీ ఇది చెప్పి నవ్వుతాడు. నాకు మాత్రం నవ్వు రాదు. 'మా అమ్మ' అన్న మాట పలికే ముందు ఆగి ఆలోచించాల్సి రావడం ఎలాంటిదో ఆ నవ్విన మాస్టారుకి ఏం తెలుసు?

అసలు దెబ్బ తరవాత తగిలింది. మావకి మీసాలు రాకముందే తండ్రి వేటకెళ్ళి సముద్రంలో పోయాడు. శవం భావనపాడు ఒడ్డుకి కొట్టుకొచ్చింది. తలకొరివి ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. పెద్దలు తగువు మొదలెట్టారు. "అమ్మీసిన కొడుకు కొరివెడితే సెల్లదు" అని ఒకడు. "కన్నకొడుకు కాడేటి?" అని ఇంకొకడు. చివరికి కూర్మమ్మనే అడిగారు. "సెప్పవే, ఈడు నీ కొడుకేనా? ఒక్క మాట అను, సాలు." మొగుడి శవం ముందర ఉంది. బిడ్డ పక్కన ఉన్నాడు. ఆవిడ నోరు విప్పలేదు. కొరివి పెదనాన్న కొడుకు పెట్టాడు. తవిటయ్య మావ పక్కన నిలబడి చూశాడు. తండ్రిని కూడా తన తండ్రి అని చెప్పుకోలేని ఆ పిల్లాణ్ణి అప్పుడు ఎవడూ దగ్గరికి తీసుకోలేదు. ఆనవాయితీ గురించి మాత్రం గంటలకొద్దీ మాట్లాడారు.

పెద్దయ్యాక అందరిలాగే గుజరాత్ వెళ్ళాడు. మా పల్లెల్లో సగంమంది మగాళ్ళు వెరావల్లో బోట్ల మీద పనికి పోతారు. అక్కడ పేర్లుండవు. "ఏయ్ మద్రాసీ" అంటే మనవాళ్ళే, ఎవడైనా సరే. ఆయన మొదటి కథ అక్కడిదే. బోటు మీద మనవాళ్ళు కొందరుంటారు. అందరి పేరూ మద్రాసీయే. గాలివానలో ఒకడు నీళ్ళలో పడిపోతాడు. బోటు నడిపే సరంగు చీకట్లోకి "మద్రాసీ!" అని కేకేస్తాడు. బోటు మీద మిగిలినవాళ్ళంతా "ఆ" అంటారు. పలికారు కాబట్టి ఎవడూ పోలేదనుకుని సరంగు బోటు తిప్పేస్తాడు.

నేను డిగ్రీ మధ్యలో వదిలేసి టెక్కలి లైబ్రరీలో చేతికందింది చదువుతున్న రోజుల్లో ఒక పాత పత్రికలో ఆ కథ చూశాను. చదివి, వెంటనే మళ్ళీ మొదటినుంచి చదివాను. కింద ఊరి పేరు చూస్తే మా పల్లె. ఐసు ఫ్యాక్టరీలో గడ్డలు కొట్టి చేపల పెట్టెల్లో నింపే తవిటయ్యే ఈ తవిటయ్య. మా అమ్మకి వరసకి తమ్ముడు. అన్నాళ్ళూ ఆయన పక్కనుంచే పోతూ వస్తూ ఉన్నాను. ఆ రోజునుంచి ఆయన దగ్గర చేరాను.

ఆయన కథలన్నిట్లో ఒకడుంటాడు. పిలిస్తే పలకొచ్చో లేదో తెలియనివాడు. సొంత గుమ్మం ముందు కూడా చెప్పులు విడిచి, లోపలికి రమ్మంటే గానీ రానివాడు. వాడెక్కణ్ణించి వచ్చాడో తెలుసుకోడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కానీ పెద్ద చదువున్న మురళీమోహన్ గారు ఆ పుస్తకానికి ముందుమాట రాశారు. "దారిద్ర్యం చేత కన్నతల్లే అమ్ముకొన్న బిడ్డ ఆక్రోశమే ఈ రచయితలోని పరాయీకరణ భావనకు మూలం" అన్నారు. ఆయన బతుకు కథల్లోకి ఎలా వచ్చిందో వివరించడం కోసం ఆయన బతుకునే మార్చేశారన్నమాట. బిడ్డని చావు నోట్లోంచి లాక్కోడానికి చేసిన పనిని బిడ్డని అమ్ముకుతిన్న పనిగా రాశారు. మార్చినవాళ్ళకి దండలు, శాలువాలు. మావ ఆ సభకి వెళ్ళలేదు. ఆ రోజు లోడు ఉంది.

అది అక్కడితో ఆగినా బాగుండేది. ఆ కథ ఒక కాలేజీలో పాఠమైంది. గురమ్మ కొడుకు కొండబాబు కూతురు రేఖ ఆ కాలేజీలోనే డిగ్రీ రెండో సంవత్సరం. కథలో గురమ్మ పేరు మావ మార్చలేదు. ఆ పేరు మారిస్తే ఆవిడ చేసిన మేలు ఇంకెవరికో పోతుందనుకున్నాడు. దానికి తోడు పరీక్షల గైడు ఒకటి వచ్చింది. అందులో ప్రశ్న: "గురమ్మ పాత్ర ద్వారా రచయిత చూపిన దోపిడీ స్వభావమును వివరింపుము."

వివరింపుమట!

రేఖ ఆ కథ ఇంట్లో నాయనమ్మకి చదివి వినిపించింది. గురమ్మకి ఎనభై దాటాయి. చూపు తగ్గింది గానీ చెవులు బాగానే ఉన్నాయి. ఆ డబ్బు అన్నచోట మళ్ళీ చదవమంది. రేఖ మళ్ళీ చదివింది. మర్నాడు కూర్మమ్మ ఎప్పటిలాగే చేపలు పట్టుకుని వెళ్తే తలుపు తీయకుండా లోపల్నుంచే చెప్పింది.

"మాకు సేపలొద్దు."

"కవళ్ళు తెచ్చినానప్పా, మంచి సేపలు. నీకోసరమే ఏరి తెచ్చినాను."

"ఒద్దన్నాను కదా. ఎల్లు."

వయసులో ఉన్నప్పటినుంచీ ఆ గడపలో కూర్మమ్మ గంప దించని వారం లేదు. ఇప్పుడు గంప మోసే వయసు కాదు, గురమ్మ కోసమే నాలుగు చేపలు సంచిలో వేసుకుని వెళ్తుంది. అవే చేపలతో వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రమే కొండబాబు మోటారుసైకిలు మీద పల్లెలోకి వచ్చి, బండి దిగకుండానే అరిచాడు.

"ఏరా తవిటిగా! మాయమ్మ పిల్లల యాపారం సేసిందేట్రా? ఎంతకి కొన్నాదో అదికూడా రాయకపోనావా?"

"అన్నా, నాను రాసింది అది కాదే..."

"అన్నా గిన్నా అనకు! నీకు అన్ననెవుడ్రా? నా కూతురు కాలేజీలో తలెత్తుకోనేకపోతంది. 'ఓలే, మీ నాయినమ్మ మమ్మల్నీ కొంటాదేటే' అనడుగుతన్నారంట."

కొండబాబు వెళ్ళిపోయాక కూర్మమ్మ కొడుకుని కూర్చోబెట్టి అడిగింది. నేను అక్కడే ఉన్నాను.

"ఏటి రాసినావురా ఆయమ్మ గురించి?"

"తవుడిచ్చి కొన్నాదనే రాసినానే."

"మరి పుస్తకంలో డబ్బని ఎందుకున్నాది?"

"ఆల్లు మార్చీసినారు."

"నువ్వు రాసింది ఆల్లెలా మారుస్తార్రా? కూర నానొండితే ఉప్పు ఈదిలో పోయినోడు ఏస్తాడేటి?"

ముసలావిడ ఆ రోజునుంచి అన్నం సరిగా తినడం మానేసింది. "ఆయమ్మ నేకపోతే ఈడు నేడు. ఆయమ్మకే ఇలా సేసినాం" అని గోడతో చెప్పుకునేది. మావకి అప్పుడు కావలసింది ఒకటే. ఆ మాట మళ్ళీ ఆ చోట పెట్టించాలి. గురమ్మ తలుపు తెరవాలి.

ఇద్దరం నౌపడాలో పాసింజరెక్కి విజయనగరం వెళ్ళాం. మురళీమోహన్ గారి ఇంట్లో అద్దాల బీరువా నిండా జ్ఞాపికలే. మమ్మల్ని చూసి సంతోషపడ్డారు.

"రండి రండి తవిటయ్య గారూ! మీ కథ మీద పరిశోధన చేస్తామని ఇద్దరు పిల్లలు వచ్చారండీ. తీరప్రాంత పరాయీకరణ అంటే ఇప్పుడు మీ పేరే."

"ఆ తవుడు మాట గురించండి," అన్నాడు మావ. "డబ్బని పడిపోనాది."

"పడిపోలేదు, నేనే మార్చాను. తవుడుకి పిల్లాణ్ణి కొనడమేమిటండీ? చదివేవాళ్ళు నెల్లూరులో ఉంటారు, హైదరాబాదులో ఉంటారు. నవ్విపోరూ?"

"జరిగినాది అదేనండి."

"జరగొచ్చు. కానీ కథలో నమ్మేలా ఉండాలి కదా. తవిటమ్మా! వీళ్ళకి మంచినీళ్ళు తే."

మావ తలెత్తాడు. "ఆమె పేరేటండి?"

"తవిటమ్మ. ఏం?"

"ఏం నేదండి. ఆ పేరు ఎందుకెట్టినారో ఎప్పుడైనా అడిగినారేటి?"

"పేర్లకేముందండీ, పాతకాలం పేర్లు. అర్థాలుంటాయా?"

నీళ్ళ గ్లాసులు వచ్చాయి. నేనిక ఆగలేకపోయాను. "మురళి అంటే జనానికి అర్థం కాదని మీ పేరు డప్పుమోహన్ అని అచ్చేస్తే ఊరుకుంటారా సార్?" అనేశాను. మావ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆయన నన్ను పైనుంచి కిందకి చూశారు.

"ఈ కుర్రాడెవరండీ? ఆవేశముంది, చదువే చాల్లేదు." మళ్ళీ మావతో, "బాధపడకండి. రెండో ముద్రణలో మీ తవుడు మీకు పెట్టేస్తాను" అన్నారు. ఏదో ఊరికే పోతున్న వస్తువు దానం చేస్తున్నట్టు.

రెండో ముద్రణ వచ్చింది. తవుడు అన్న మాట పెట్టారు. నిజమే. దాని పక్కన చిన్న చుక్క పెట్టి, పేజీ అడుగున గీత గీసి, గీత కింద ఇలా రాశారు: "తవుడు: ఇక్కడ అతి స్వల్పమైన వెలకు ప్రతీక." శైశవం ఇంకా అమ్ముడుపోయే ఉంది. ముందుమాటలో దారిద్ర్యం చెక్కుచెదరలేదు.

నేను ఆ పేజీ చూసి పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. మావ దాన్ని తీసి, దుమ్ము దులిపి, రేఖకి కబురు పంపి ఇచ్చాడు. "నాయినమ్మకి సదువు. కిందన రాసింది కూడా ఒగ్గకుండా సదువు" అని చెప్పాడు.

రేఖ చదివింది. ఆ మర్నాడే గురమ్మ మనవరాలి భుజం పట్టుకుని సరుగుడు తోటల్లోంచి నడిచి మా పల్లెకి వచ్చింది. వస్తూనే వాకిట్లోంచి కేక.

"ఒసే కూర్మీ! ఇన్నావా? తవుడంటే సవకంట! ఏ సచ్చినోడే అన్నాది? ఆ ఏడు కరువు. నా గేది కడుపు మాడ్చి తెచ్చిన తవుడే అది!"

కూర్మమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చింది. గురమ్మ చేతులు పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఆ విజయనగరం పెద్దమనిషిని తిట్టిన తిట్లు ఏ ముద్రణలోనూ వేయలేరు. రేఖ ముఖం తిప్పుకుని నవ్వింది. ఇక సుఖాంతమే అనుకున్నాను. అప్పుడు గురమ్మ మావ వైపు తిరిగింది.

"ఆడు సరే, పైఊరోడు. నీకేటొచ్చిందిరా? నిన్ను కూర్మి కన్నాదన్న మాట పైకి అనకూడదని తెలీదేటి? అందరికీ తెలిసేలా రాసీసినావు. ఇంక ఈ కొన్నది సెల్లదు."

మావ తలవంచుకున్నాడు. "తెలుసు పెద్దమ్మా."

"తెలిసీ రాసినావా?"

"రాయకపోతే నువ్వు సేసింది ఎవులికి తెలుస్తాది?"

"ఎవులికీ తెలకూడదనే కదరా సేసినాను!" గురమ్మ కూర్మమ్మతో అంది. "ఒసే, నా కాలం అయిపోనాది. నీ బిడ్డని నీకు ఇచ్చేస్తన్నాను. ఇంకనించి ఈడు నీ కొడుకే. నలుగురిలో సెప్పుకో."

వాకిట్లో నలుగురూ ఉన్నారు. యాభై దాటిన మావ, గెడ్డం నెరిసిన మనిషి, తల్లి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆయన్ని అలా చూడటం నాకదే మొదలు, అదే ఆఖరు. కూర్మమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"నాకొద్దు."

"ఏటే?"

"నాకొద్దప్పా! నా కొడుకులనుకున్నోల్లు ముగ్గురూ నిలిసినారేటి? నీ కాడే ఉండనీ. నీ కాళ్ళట్టుకుంటాను, ఈణ్ణి నాకియ్యకు." నిజంగానే వంగి కాళ్ళు పట్టుకోబోయింది. గురమ్మ ఆపింది. చాలాసేపు ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది. చివరికి, "సర్లే. నా కాడే ఉంటాడు. రేపు సేపలట్టుకురా" అంది.

మావ లోపలికి వెళ్ళి ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చాడు.

ఆఖరిసారి ఆయన్ని ఐసు షెడ్డు దగ్గర కలిశాను. వెరావల్ వెళ్ళే ముందు. నాకూ ఇక్కడ పని దొరకలేదు, బోటెక్కుతున్నాను. ఆ రెండో ముద్రణ మీద నా కోపం ఏమీ తగ్గలేదు. పత్రికలకి రాస్తానన్నాను. వాకిట్లో జరిగింది కూడా రాస్తానన్నాను. ఆవిడ ఎందుకు వద్దందో ఆ చదువుకున్నవాళ్ళకి విడమరిచి, అక్షరం అక్షరం చెప్పి సిగ్గుపడేలా చేస్తానన్నాను. మావ ఐసు గడ్డ మీద ఒక దెబ్బ వేసి ఆగాడు.

"రాస్తే రాయిరా అల్లుడూ. కిందన గీత గీసి అర్థం మాత్రం రాయకు. మాయమ్మ 'నాకొద్దు' అన్నాది. అంతే రాయి."